నెలకి రెండు వేల నాలుగు వందలు

నేను వడ్రంగిని. చెక్కపని చేసేవాడికి చెయ్యి మంచిదైతే చాలు, నోటితో పెద్దగా పని లేదు. నాకు రెండూ ఉన్నాయి. నోరు కాస్త ఎక్కువే ఉందని మా ఆవిడ అంటుంది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆవిడ అన్నవాటిలో నేను ఒప్పుకున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈ ఒక్కటి మాత్రం పోయిన ఏడాది నుంచి మారు మాట్లాడకుండా ఒప్పుకుంటున్నాను.

మా ఇల్లు చిన్నది. ముందు హాలు, దాని వెనక మాకొకటి, మా అమ్మాయికొకటి రెండు గదులు, వంటిల్లు, ఆ తర్వాత వెనక వరండా. బ్యాంకు అప్పుతో కొన్నాం. పోయిన ఏడాదికి తొమ్మిదేళ్ళు కట్టాం, ఇంకా పదకొండేళ్ళు మిగిలాయి. మా ఆవిడ ఆసుపత్రిలో రిజిస్టర్లు రాసే ఉద్యోగం చేస్తుంది. ఆ జీతం చూసే మాకు అప్పిచ్చారు, నా రంపాన్ని చూసి కాదు. వరండా చివర మా అక్క గది ఉండేది. దానికి మాత్రం ఏ అప్పూ లేదు, దాన్ని నేనే కట్టాను.

అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్ళు. అప్పటి నుంచి బట్టలు కుట్టి నన్ను సాకింది అక్కే. ఎవరైనా తన పెళ్ళిమాట ఎత్తితే, "ముందు వీడి లాగులకి మోకాళ్ళ దగ్గర అతుకులు వెయ్యనివ్వండి, తర్వాత చూద్దాం" అనేది. ఆ అతుకులు వేస్తూ వేస్తూనే ఆమెకి వయసైపోయింది. నా మొదటి ఉలి, మొదటి రంపం అక్క మిషను తొక్కిన డబ్బుతో కొన్నవే. ఇల్లు కొనేటప్పుడు ముందుగా చేతినుంచి కట్టిన సొమ్ములో మూడో వంతు కూడా ఆమెదే. కాగితాల మీద మాత్రం నా పేరు, మా ఆవిడ పేరు ఉన్నాయి. "నా పేరు దేనికిరా, వాళ్ళు వంద ప్రశ్నలేస్తారు" అని తనే వద్దంది.

ఇంట్లో చేరిన రెండో ఏడు ఆ గది కట్టాను. తొమ్మిది అడుగులు, పదకొండు అడుగులు. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, సూదిలో దారం ఎక్కించడానికి ఆ వెలుతురు బాగుంటుందని అక్క అడిగింది. గుడ్డ కత్తిరించే బల్ల ఆమె నడుము ఎత్తుకి సరిగ్గా కొలిచి చేశాను, వంగకుండా పని చేసుకోవాలని. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, కర్టెన్లు కుట్టడం, అన్నీ అక్కడే. వచ్చేవాళ్ళు మా హాల్లోంచే లోపలికి వెళ్ళేవారు. పురపాలక కార్యాలయం నుంచి అనుమతి తీసుకోలేదు. ఆ వీధిలో ఎవరు తీసుకున్నారు గనక?

ఇక ఆ గది తలుపు గురించి చెప్పాలి. వరండా చివర గోడంతా నేను పలకలతో కప్పేశాను. తలుపు కూడా ఆ పలకల్లోనే ఒకటిగా కలిసిపోయేలా చేశాను. బయటికి పిడి లేదు, బందులు కనపడవు, అతుకు కూడా కనపడదు. ఒక పలక మీద అరచేయి పెట్టి నొక్కితే తెరుచుకుంటుంది. నేను చేసిన పనులన్నిటిలోకీ అది గొప్పది. ఇంటికి ఎవరొచ్చినా వరండాలోకి తీసుకెళ్ళి, "ఇందులో తలుపెక్కడుందో చెప్పండి చూద్దాం" అనేవాణ్ణి. వాళ్ళు గోడంతా తడుముతుంటే లోపల అక్క మిషను ఆపి నవ్వుకునేది. ఆ నవ్వు వినపడి కొందరు పట్టేసేవాళ్ళు కూడా.

పోయిన ఏడాది ఒక బ్యాంకువాళ్ళు మా వైపు కొత్తగా శాఖ తెరిచారు. అందులో కౌంటర్లు చేసింది నేనే. పని జరుగుతున్న పదిహేను రోజులూ వాళ్ళ లోన్ ఏజెంటు ఒకాయన నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. సన్నటి మనిషి, మెడకి బిగుతుగా టై. ఒకరోజు నా ఇంటి అప్పు సంగతి అడిగాడు. నేను చెప్పాను. ఆయన ఫోనులో ఏవో అంకెలు నొక్కి నాలుక చప్పరించాడు.

"అన్యాయం సార్. మీ పాత బ్యాంకు మిమ్మల్ని నిలువునా దోచేస్తోంది. అప్పు మా దగ్గరికి మార్చేసుకోండి. నెలకి రెండు వేల నాలుగు వందలు తగ్గుతుంది."

"మార్చడానికి ఖర్చెంతవుతుంది?"

"సున్నా. ప్రాసెసింగ్ ఫీజు పూర్తిగా సున్నా సార్. నెలాఖరు వరకే ఈ ఆఫరు."

ఆ రాత్రి అన్నం దగ్గర ఈ సంగతి చెబితే మా ఆవిడ, "అంత ఊరికే ఎవరు చేస్తారు?" అంది. అక్క నా కంచంలో కూర వేసింది. నేను మాత్రం అప్పటికే ఆ రెండు వేల నాలుగు వందలు నెలనెలా చేతిలో ఆడుతున్నట్టే మాట్లాడాను. మర్నాడు నా దగ్గర పనిచేసే ఇద్దరికీ చెప్పాను. చెక్క డిపో ఆయనకి చెప్పాను. పాలిష్ కొట్టేవాడికి కూడా చెప్పాను. మీరంతా అమాయకులు, బ్యాంకుతో ఎలా వ్యవహరించాలో నన్ను చూసి నేర్చుకోండి అన్నట్టు తిరిగాను.

దరఖాస్తు పెట్టిన రోజున తొమ్మిది వేల ఐదు వందలు కట్టమన్నారు. నేను ఏజెంటు వైపు చూశాను.

"ఏమయ్యా, సున్నా అన్నావు కదా?"

"ప్రాసెసింగ్ ఫీజు సున్నా సార్. ఇది ఫైల్ ఛార్జీ. అది వేరు, ఇది వేరు."

కట్టాను. నాలుగు రోజులకి వాళ్ళ లాయరు మా కాగితాలు చూడడానికి ఆరు వేలు అన్నారు. కట్టాను. ఆ లాయరు చూసి, మాకు ఇల్లు అమ్మినాయనకి ఎవరు అమ్మారో ఆ పాత దస్తావేజు నకలు కావాలన్నాడు. రిజిస్ట్రారు ఆఫీసులో రెండు పూటలు నిలబడి మూడు వేల రెండు వందలు పెట్టి తెచ్చాను. మా దస్తావేజులు తమ దగ్గరున్నాయని రాసివ్వడానికి పాత బ్యాంకువాళ్ళు పద్దెనిమిది వందలు తీసుకున్నారు. ఇల్లు కొలవడానికి వచ్చే ఆయనకి నాలుగు వేల ఐదు వందలు. ప్రతిసారీ ఇదే ఆఖరిది అనుకున్నాను, ప్రతిసారీ జేబులోంచే తీశాను. అప్పులోంచి కోసుకోండయ్యా అంటే, కుదరదు సార్, ఇవన్నీ చేతినుంచే కట్టాలి అన్నారు.

మా ఆవిడ ఏజెంటుకి సున్నాగారు అని పేరు పెట్టింది. ఫోను మోగితే, "చూడండి, సున్నాగారు పిలుస్తున్నారు, ఈసారి సున్నా ముందు ఎంత పెడతారో" అనేది. నాకు ఒళ్ళు మండేది. ఆవిడ మీద కాదు, ఆవిడ మాట నిజమవుతున్నందుకు.

కొలతలాయన శనివారం పొద్దున వచ్చాడు. నెమ్మదైన మనిషి. చేతిలో మా ఇంటి ప్లాను, ఒక టేపు, ఒక పెన్సిలు. హాలు కొలిచాడు, గదులు కొలిచాడు, వంటింట్లో కిటికీ చూశాడు. నేను ఆయన కోసం టీ కలపడానికి వంటింట్లో ఉండిపోయాను. మా ఆవిడ ఆయనతో వరండాలోకి వెళ్ళింది. ప్లానులో వరండా తర్వాత ఖాళీ స్థలం అని ఉంది. ఆయన పలకల గోడ వైపు పెన్సిలు చూపించి, "దీని వెనక ఖాళీయేనా అమ్మా?" అన్నాడట. మా ఆవిడ తడుముకోకుండా, "ఖాళీయేనండి, తర్వాత పక్కవాళ్ళ ప్రహరీ" అందట. ఆయన సరేనని రాసుకున్నాడట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

నేను టీ కప్పు పట్టుకుని వరండాలోకి వెళ్ళేసరికి ఆయన ప్లాను మడుస్తున్నాడు. వెళ్ళిపోబోతూ ఆగి, పలకల మీద చెయ్యి వేసి నిమిరాడు.

"ఈ చెక్కపని ఎవరు చేశారండీ? ఎక్కడా అతుకు కనపడటం లేదు. ఈ మధ్య ఇంత శుభ్రమైన పని చూడలేదు నేను."

ఆ మాటతో నాకు ఒళ్ళు తెలియలేదు. ఆయన వెనక మా ఆవిడ కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూస్తోంది, తల అడ్డంగా ఊపుతోంది. టీలో పంచదార వెయ్యడం మరిచిపోయానా అని అడుగుతోందనుకున్నాను. వేశాను అన్నట్టు తల ఊపాను కూడా.

"అయ్యా, ఇందులో తలుపెక్కడుందో చెప్పండి చూద్దాం" అన్నాను.

ఆయన నవ్వి, పలకలన్నీ ఒకటొకటిగా తట్టాడు. తెలియలేదన్నాడు. నేను అరచేయి పెట్టి నొక్కాను. తలుపు తెరుచుకుంది. అక్క మిషను ముందు కూర్చుని ఉంది. చప్పుడు కాకుండా చక్రాన్ని చేత్తో ఆపి ఉంచింది, తలెత్తి మా ముగ్గురినీ చూసింది. కొలతలాయన మొహంలో నవ్వు పోయింది. మడిచిన ప్లాను మళ్ళీ విప్పాడు. ఆ క్షణంలో నాకు అర్థమైంది. 

"ఇది ప్లానులో లేదు కదండీ" అన్నాడాయన. ఆయనకీ బాధగానే ఉన్నట్టుంది. "నేను చూడకపోతే వేరే సంగతి. చూశాక రాయకపోతే నా ఉద్యోగం పోతుంది."

ఆయన లోపలికి వచ్చి తొమ్మిదీ పదకొండూ కొలిచాడు. టేపు ఒక కొస అక్కే పట్టుకుంది. ఆయన వెళ్ళాక అక్క నన్ను ఒక్క మాటే అంది. "వెళ్ళిపోతున్నాడు కదరా." తిట్టి ఉంటే బాగుండేది.

వారానికి కొత్త బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. అనుమతి లేని కట్టడానికి జరిమానా కట్టి అనుమతి తెచ్చుకోవాలి, లేదా దాన్ని తొలగించాలి, అప్పుడే అప్పు మంజూరవుతుంది అని దాని సారాంశం. జరిమానా, కొత్త ప్లాను, ఇంజినీరు సంతకం అన్నీ కలిపి లక్షా నలభై వేలు అవుతుందని పురపాలక కార్యాలయంలో గుమాస్తా చెప్పాడు. నాలుగు నెలలు పడుతుందన్నాడు. ఆఫరేమో నెలాఖరుతో అయిపోతుంది. సున్నాగారిని అడిగితే, "గది తీసేస్తే ఖర్చే లేదు కదా సార్, మీరే వడ్రంగి" అన్నాడు.

మా ఆవిడ చాలా తేలిగ్గా తేల్చేసింది. "మానేద్దాం. పాత బ్యాంకే ఉండనీండి. పాతిక వేలు పోయాయి, పోతే పోయాయి. బుద్ధొచ్చిందనుకుందాం."

అక్షరాలా అదే చెయ్యాల్సింది. కాని పాతిక వేలు నా కళ్ళ ముందు ఆడుతున్నాయి. వాటి వెనక డిపో ఆయన, పాలిష్ కొట్టేవాడు, నా పనివాళ్ళిద్దరూ నిలబడి నవ్వుతున్నట్టు అనిపించింది. మానేస్తే ఆ పాతిక వేలు గాలికి పోయినట్టు, ముందుకెళితే ఏడాదిలో తిరిగొచ్చేసినట్టు నా లెక్క. "అక్కని అడుగుదాం" అన్నాను.

"అడక్కండి" అంది మా ఆవిడ.

"ఏం? ఆమె గది, ఆమెని అడగొద్దా?"

"ఆవిడ వద్దనదు. మీ జన్మలో మీరేది అడిగినా ఆవిడ వద్దనలేదు. అది తెలిసే కదా అడుగుతానంటున్నారు?"

నాకు కోపం వచ్చింది. గట్టిగా అరిచాను. ఆవిడ నిజం చెప్పినందుకే అంత గట్టిగా అరిచానని ఇప్పుడు తెలుస్తోంది.

అక్క ఎవరిదో నల్ల ప్యాంటు అంచు మడుస్తోంది. నేను వెళ్ళి బల్ల అంచున కూర్చున్నాను. సంగతంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె తల ఎత్తలేదు, కుట్టు ఆపలేదు. రెండేళ్ళలో మిగిలిన డబ్బుతో అనుమతి తీసుకుని ఇంతకంటే పెద్ద గది కడతానన్నాను. అప్పటిదాకా అమ్మాయి గదిలో మంచం వేస్తానన్నాను. మిషను హాల్లో పెట్టుకోవచ్చన్నాను. అడక్కుండానే ఏవేవో చెప్పుకుపోయాను.

"ఎప్పటికి తియ్యాలి?" అంది.

"నెలాఖరు లోపల."

"ఈ కర్టెన్లు బుధవారం ఇవ్వాలి. గురువారం నుంచి తియ్యి."

అంతే. కోపం లేదు, కళ్ళనీళ్ళు లేవు. దారం పంటితో తెంపి, ప్యాంటు మడిచి పక్కన పెట్టింది. నేను హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కాని ఆ పూట నాకు నిజంగా హాయిగానే అనిపించింది.

గురువారం నుంచి నాలుగు రోజులు పట్టింది. నా పనివాళ్ళని రానివ్వలేదు, నేనొక్కణ్ణే తీశాను. కప్పు రేకులు, దూలాలు, కిటికీ, చివరికి పలకలు. కిటికీ చట్రం విప్పుతుంటే అక్క వచ్చి అటువైపు పట్టుకుంది. నేలమీద రాలిన మేకులు ఏరి, వంకరపోయినవి వేరుగా, మంచివి వేరుగా రెండు డబ్బాల్లో వేసింది. "మళ్ళీ పనికొస్తాయిలే" అంది. ఆమె బల్ల ఏ గదిలోకీ పట్టలేదు. కాళ్ళు కోసి పొట్టి చేస్తానంటే వద్దంది. పక్కవీధి టైలరుకి ఇచ్చేశాం.

అమ్మాయి గదిలో మంచం వేశాను. పదిహేనేళ్ళ పిల్ల, పరీక్షలు. తెల్లవారుజామున చదువుకుంటానని దీపం వేస్తే అక్కకి నిద్ర ఉండదు, పగలు అక్క మిషను చప్పుడుకి పిల్లకి చదువు సాగదు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోరు. హాల్లో సోఫా మీద జనం బట్టలు. ఎవరో వచ్చి ప్యాంటు వేసి చూసుకోవాలంటే ఎక్కడ వేసుకోవాలి? స్నానాలగదిలోకి పంపేవాళ్ళం. ఇద్దరు ముగ్గురు మళ్ళీ రాలేదు. ఇస్త్రీపెట్టె తీగ కాలికి తగిలి మా ఆవిడ ఒకసారి పడబోయింది. తీగ పక్కకి జరిపి వంటింట్లోకి వెళ్ళిపోయింది, అయినా అక్క ఆ సాయంత్రమంతా ఇస్త్రీ పెట్టలేదు.

తొమ్మిదో రోజున అక్క, "బస్టాండు దగ్గర ఒక గది చూశాను. మెట్లకింద, కాని కిటికీ ఉంది. రేపు నీ బండి ఖాళీయేనా?" అని అడిగింది. మా ఆవిడ ఏడ్చింది. నేను, "అదేంటక్కా, రెండేళ్ళేగా" అన్నాను. "అక్కడైతే వచ్చేపోయేవాళ్ళకి దగ్గర్రా, నాకూ పని పెరుగుతుంది" అంది. పలకలు మోసే నా బండి మీదే మిషను, పెట్టె, పరుపు ఎక్కించి దింపి వచ్చాను. మా అమ్మాయి వారం రోజులు నాతో మాట్లాడలేదు.

గది తీశాక ఇక అయిపోయిందనుకున్నాను. అసలైన దెబ్బ అక్కడి నుంచి మొదలైంది. ఖాళీ అయిన స్థలాన్ని చూడ్డానికి కొలతలాయన మళ్ళీ వచ్చాడు, మళ్ళీ రెండు వేలు. ఆయన నేల వైపు చూశాడు గాని నా మొహం వైపు చూడలేదు. అప్పు మంజూరైంది. పాత బ్యాంకుకి వెళ్ళి లెక్క తేల్చమన్నాను. కౌంటరులో ఉన్న ఆవిడ ఒక కాగితం అచ్చుతీసి ఇచ్చింది. బాకీ కింద ఇంకో అంకె ఉంది. యాభై ఒక్క వేలు.

"ఇదేంటమ్మా?"

"గడువుకి ముందు తీర్చేస్తున్నారు కదండీ. మీ ఒప్పందంలో ఉంది, మిగిలిన బాకీ మీద నూటికి రెండు. ఆరో పేజీ."

ఆరో పేజీ చూశాను. ఉంది. నా సంతకం కూడా ఉంది, అందంగా. నేను ఏ చెక్కనైనా వేలితో నొక్కి, వాసన చూసి, నాలుగువైపులా తిప్పి కొంటాను. అప్పుకాగితాన్ని మాత్రం ఒక్కసారీ తిప్పి చూడలేదు.

ఆవిడ ఫైలు మూస్తూ, "అసలెందుకండీ మార్చుకుంటున్నారు?" అని అడిగింది.

"వడ్డీ తక్కువని."

"ఒక దరఖాస్తు పెట్టుంటే మేమే తగ్గించేవాళ్ళం కదండీ. దాదాపు వాళ్ళ రేటుకే వచ్చేది. మూడు వేలు కట్టాలంతే. కొలతలూ అవీ ఏమీ ఉండవు."

ఆవిడ మామూలుగానే చెప్పింది, వెక్కిరించలేదు.  కొలతలూ అవీ ఏమీ ఉండవు అన్న మాట చెవిలో పడిపోయింది, ఇప్పటికీ పోలేదు. తొమ్మిదేళ్ళుగా నెలనెలా ఆ గుమ్మం ఎక్కి దిగాను. ఊరందరితో ఇంత వాగే మనిషిని, అక్కడ ఒక్కసారి నోరు తెరిచి అడగలేదు.

అప్పటికైనా ఆగవచ్చునేమో. కాని గది పోయింది. గది పోగొట్టుకుని, అప్పు మార్చడమూ మానుకుంటే ఇక దేనికి పోగొట్టుకున్నట్టు? చెక్క నునుపు చేసే నా చిత్రిక మిషను అమ్మేసి యాభై ఒక్క వేలూ కట్టాను. కొత్త తాకట్టు రిజిస్టరు చెయ్యడానికి పద్నాలుగు వేలు డిపో ఆయన దగ్గర చేబదులు తీసుకున్నాను. బ్యాంకుతో ఎలా వ్యవహరించాలో నన్ను చూసి నేర్చుకోమన్నది ఆయనకే. పాపం, ఏమీ గుర్తు చెయ్యలేదు. కొత్త బ్యాంకు చెక్కు పాత బ్యాంకుకి చేరేలోపల పదకొండు రోజులకి రెండువైపులా వడ్డీ పడింది, అదో ఏడు వేలు.

ఒకరోజు మా అమ్మాయి ఇవన్నీ కాగితం మీద వేసి కూడింది. తొంభై తొమ్మిది వేలు. దాన్ని రెండు వేల నాలుగు వందల చిల్లరతో భాగించింది.

"మూడేళ్ళ ఐదు నెలలు నాన్నా. అప్పటికి మనం పెట్టింది మనకి వస్తుంది. మిగలడం ఆ తర్వాత మొదలవుతుంది."

"సరే, ఆ తర్వాతైనా మిగులుతుంది కదా" అన్నాను.

"అత్త అద్దె నెలకి నాలుగు వేలు" అంది. కాగితం నా ముందే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ అద్దె నేను కడతానని అక్క దగ్గరికి వెళ్ళాను. మెట్లకింద గది, తల వంచి లోపలికి వెళ్ళాలి. కిటికీ ఉందన్నది నిజమే, కాని అది మెట్ల వైపుకి ఉంది. పగలే దీపం వేసుకుని కుడుతోంది. అద్దెకి తెచ్చిన బల్ల పొట్టిది, దానిమీద వంగి గుడ్డ కత్తిరిస్తోంది. నన్ను చూసి నడుము పట్టుకుని లేచి కుర్చీ ఖాళీ చేసింది. డబ్బు ఇవ్వబోతే చేతిని వెనక్కి నెట్టింది.

"నాకు పని బాగానే ఉందిరా. నువ్వు మిషను అమ్మేశావట కదా. ముందు అది కొనుక్కో."

"ఇంటికి వచ్చెయ్యక్కా. హాలు సగానికి పలకలు కొట్టి గది చేస్తాను. దానికి ఎవడి అనుమతీ అక్కర్లేదు."

అక్క నవ్వింది. "వద్దులేరా. హాలు సగం చేస్తే మీరెక్కడ కూర్చుంటారు?"

"అక్కా, తప్పు నాది. నోటిదూల నాది, ఆశ నాది. నిన్ను అడక్కుండా ఉండాల్సింది."

ఆమె గుడ్డమీద సుద్దతో గీసిన గీత సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.

"అడిగినందుకు కాదురా" అంది. "నేను సరే అన్నాక, ఒక్కసారైనా వద్దులే అక్కా అంటావేమోనని బుధవారం దాకా చూశాను."

 ఆ కర్టెన్లకి బుధవారం గడువు నిజంగా ఉందో లేదో కూడా నేను అడగలేకపోయాను. చాలాసేపు కూర్చుని ఇంటికి వచ్చేశాను.

పోయిన ఆదివారం పొద్దున గంట మోగితే ఎవరో పనికోసం వచ్చారనుకుని వెళ్ళి తలుపు తీశాను. అక్క. మా అమ్మాయికి గౌను కుట్టి తెచ్చింది. "ఇంట్లోనే ఉన్నావా? వచ్చేముందు ఫోను చేద్దామనుకున్నా" అంది. లోపలికి వచ్చి హాల్లో కుర్చీ అంచున కూర్చుంది, సంచి ఒళ్ళో పెట్టుకుని. అమ్మాయి వచ్చి గౌను వేసుకుని చూపించింది. భుజాల దగ్గర కాస్త వదులుగా ఉంటే అక్క గుండుసూదులు పెట్టి, "ఇది ఇప్పుడే సరిచేసేదాన్ని, మిషను లేదుగా, పట్టుకెళ్ళి పంపిస్తాను" అంది. మా ఆవిడ అన్నం తిని వెళ్ళమంటే, పనుందమ్మా అంది.

బస్టాండు నుంచి ఎండలో నడిచి వచ్చిందేమో, మొహమంతా చెమట. రుమాలుతో తుడుచుకుని వంటింటి వైపు చూసింది. లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తావా అమ్మా?" అని మా ఆవిడని అడిగింది.

మా ఆవిడ నా వైపు చూసింది. నేనే వెళ్ళి గ్లాసుతో తెచ్చి ఇచ్చాను. అక్క మొత్తం తాగేసి, గ్లాసు నా చేతికిస్తూ "థాంక్స్‌రా" అంది. ఏడేళ్ళప్పటి నుంచి నన్ను పెంచిన మనిషి, ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు.